సత్తయ్య చెప్పిన లెక్క

ఈ మాట లోపల పెట్టుకుని ముప్పై ఏళ్లు దాటింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. చెప్పాల్సింది మాత్రం ముందే చెప్పేస్తాను, ఆలస్యం చేస్తే మళ్లీ ధైర్యం చాలదు. నాకు పేరు తెచ్చిన ఆలోచన నాది కాదు. ఒక టెలిఫోన్ లైన్‌మన్‌ది. ఆయన పేరు సత్తయ్య. ఆ సంగతి ఒక కాగితం మీద రాసిమ్మని ఆయన నన్ను అడిగాడు. నేను రాయలేదు. ఆయన ఉద్యోగం నిలవలేదు.

ఈ నాలుగు ముక్కలూ రాసి, లేచి బాల్కనీలోకి వెళ్లి, మొక్కలకు నీళ్లు పోసి వచ్చాను. పొద్దున పోసిన సంగతి తర్వాత గుర్తొచ్చింది.

అంత బరువు మోస్తూ ఎలా బతికానని అడుగుతారేమో. బాగానే బతికాను. తిన్నాను, నిద్రపోయాను, పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చున్నాను, సభల్లో జనాన్ని నవ్వించాను. స్వతహాగా నవ్వుతూ ఉండే మనిషిని. ఇప్పుడు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది అదే. తప్పు చేసినవాళ్లు కుమిలిపోవాలి కదా? నేనెందుకు కుమిలిపోలేదు? ఏడాదికోసారి, ఏ సినిమా హాల్లోనో, లోపల చిన్న ముల్లు కదిలేది. కాసేపటికి సర్దుకునేది. లేక నేనే సర్దేసేదాన్నా?

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. వెంగళరావు నగర్‌లో అద్దె ఇంట్లో నేను, మావారు, మా అత్తగారు ఉండేవాళ్లం. నగరంలోని ఒక పరిశోధన సంస్థలో నా ఉద్యోగం. ఊళ్లో రెండు చోట్ల ఉన్న రెండు కంప్యూటర్లను టెలిఫోన్ తీగ మీద మాట్లాడించడం మా పని. ఇప్పుడు అరచేతిలో సినిమాలు చూసేవాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ రోజుల్లో ఒక్క పేజీ ఇటునుంచి అటు క్షేమంగా చేరితే మేం స్వీట్లు పంచుకునేవాళ్లం. పంచుకునే అవకాశమే సరిగా రాలేదు. సగం పేజీ వెళ్లేది, తర్వాత అక్షరాలు చెడిపోయేవి, ఆ పైన రెండు యంత్రాలూ మొండికేసి కూర్చునేవి. తీగలో చప్పుడు ఎక్కువని మేం, మీ యంత్రాల్లోనే లోపమని టెలిఫోన్ ఆఫీసువాళ్లు. ఈ తగువు ఏడు నెలలు నడిచింది. ఆ ఏడు నెలల్లో నా ప్రోగ్రాంను ఎన్నిసార్లు తిరగరాశానో నాకే గుర్తులేదు.

తీగ చూడటానికి వాళ్లు పంపే మనిషే సత్తయ్య. అప్పటికి రోజుకూలీ మీద పనిచేస్తున్నాడు. పొడుగ్గా, గుబురు మీసంతో, ఏదైనా చెప్పే ముందు కాస్త నవ్వే మనిషి. అందరూ తీగను మీటరుతో కొలిచేవాళ్లు. ఆయన మాత్రం ఒకరోజు తన పరీక్ష ఫోన్‌ను తీగకు తగిలించి, గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. అరగంట విన్నాడు. యంత్రాల కూతలు వినడానికి ఏముంటుందని నేను విసుక్కున్నాను కూడా.

"మేడం, మీ లైను సాఫ్‌గనే ఉన్నది," అన్నాడు చివరికి. "గీ రెండు ఒక్కసారే మాట్లాడుతున్నయి. ఒకటి ఆగుతలేదు."

ఆగాలని ప్రోగ్రాంలో రాశానని చెప్పాను. గుద్దుకున్నప్పుడు రెండూ ఆగి, మళ్లీ మొదలుపెడతాయని వివరించాను.

"గదే మరి. రెండు ఒక్కతీరుగ ఆగుతున్నయి, ఒక్కసారే మళ్ల షురూ చేస్తున్నయి. మాకు గూడ గిట్లనే అయితది మేడం. నేను ఈడ, మా దోస్తు సికింద్రాబాద్‌ల. ఇద్దరం ఒక్కసారే హలో అంటం. ఇద్దరం ఆగుతం. మళ్ల ఇద్దరం ఒక్కసారే హలో. అందుకే లెక్క వెట్టుకున్నం. ఆడు అయిదు లెక్కవెట్టినంక మాట్లాడాలె, నేను పది. మళ్ల గుద్దుకుంటే ఆడు పది, నేను ఇరవై. ఇగ గుద్దుకోం."

ఆ సాయంత్రమే ప్రోగ్రాంలో కొన్ని వరసలు మార్చాను. మర్నాడు పదకొండు గంటలకు మొదటి పేజీ ఒక్క అక్షరం చెడకుండా అవతలికి చేరింది. ఆ వెనకే ఇంకొకటి. మా గదిలో అందరం చిన్నపిల్లల్లా గంతులేశాం. స్వీట్లు తెప్పించారు. సత్తయ్యకు నేను స్వయంగా రెండు లడ్డూలు ఇచ్చాను. ఆ రోజుకు అదే పెద్ద మర్యాద అనిపించింది.

తర్వాత నేను వ్యాసం రాశాను. ఆయన చెప్పిన లెక్కను గణితంలో పెట్టాను. ఇద్దరే కాదు, పదిమంది ఒకే తీగ మీద ఉన్నా ఎవరెంత ఆగాలో, ఎలా ఆగితే తీగ ఖాళీగా ఉండదో తేల్చాను. ఆ గణితం నాదే, దాన్ని నేను ఎవరికీ వదులుకోను. కానీ వ్యాసం మొదట్లో "మా విశ్లేషణలో తేలిందేమిటంటే" అని ఒక వాక్యం ఉంది. విశ్లేషణలో ఏమీ తేలలేదు. గోడకు ఆనుకున్న ఒక మనిషి చెవిలో తేలింది. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు తెలుసా? తెలుసు. పెన్ను ఒక్క క్షణం ఆగింది కూడా. రోజుకూలీ పేరు పెడితే వ్యాసాన్ని ఎవరైనా పట్టించుకుంటారా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆడదాన్ని, కొత్తదాన్ని, నా పేరునే సగంమంది పట్టించుకోవడం లేదని కూడా చెప్పుకున్నాను. అది నిజమే. కానీ ఆ నిజం నాకు అక్కరకొచ్చిన తీరు చూడండి.

వ్యాసం పరిశీలనలో ఉండగా సత్తయ్య వచ్చాడు. వరండాలో నిలబడి, నేను బయటికి వచ్చేదాకా ఆగాడు.

"మేడం, జర ఒక కాగితం రాసియ్యుండ్రి. మీ కంప్యూటర్ల లైను నేను చెప్పినట్టు చేస్తే నడిచిందని. పర్మినెంటు లిస్టు తయారు చేస్తున్నరు. మా సారు చూస్తనన్నడు."

తప్పకుండా రాస్తాను, రెండు రోజులు ఆగు అన్నాను. రెండు రోజులు రెండు వారాలయ్యాయి. ఆయన మళ్లీ వచ్చాడు. అప్పుడు అరపేజీ టైపు చేయించి ఇచ్చాను. సత్తయ్య నిజాయితీపరుడు, సమయపాలన కలవాడు, అప్పజెప్పిన పని శ్రద్ధగా చేస్తాడు. అంతే. ఆయన దాన్ని ఎవరిచేతనో చదివించుకుని వెనక్కి వచ్చాడు.

"గిదాంట్ల ఆ ముచ్చట లేదు గద మేడం."

"అది సాంకేతిక విషయం సత్తయ్యా. ఇలాంటి ఉత్తరాల్లో రాయకూడదు."

"అట్లనా," అన్నాడు. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీకు ఎరుక గద."

ఆ చివరి మాటలో వెటకారం లేదు. నన్ను నిజంగానే నమ్మాడు. లిస్టులో ఆయన పేరు రాలేదు. మరికొన్నాళ్లకు రోజుకూలీలను తగ్గించినప్పుడు ఆయనా వెళ్లిపోయాడు. ఆ సంగతి కొత్త లైన్‌మన్ చెబితే తెలిసింది. అయ్యో అన్నాను. నిజంగానే అన్నాను.

ఆ వ్యాసం నన్ను ఎక్కడికో తీసుకుపోయింది. ఒక పెద్ద సభలో వెనక వరసలోంచి ఒకాయన లేచి, ఈ ఆలోచన మీకు ఎలా తట్టిందని అడిగాడు. చాలా మామూలు ప్రశ్న. నేనేం చెప్పాలి? నోట్లోంచి అబద్ధం ఎంత సునాయాసంగా వచ్చిందంటే, నాకే ముచ్చటేసింది. ఒకరోజు వంటింటి గుమ్మం దగ్గర నేనూ మా అత్తగారూ ఎదురుపడ్డామని, ఆవిడ ఎటు తప్పుకుంటే నేనూ అటే తప్పుకున్నానని, ఇద్దరం ఆగామని, మళ్లీ ఇద్దరం ఒకేసారి కదిలామని, ఒకరు కాస్త ఎక్కువసేపు ఆగితే తప్ప కూర పొయ్యి మీద మాడిపోతుందని అప్పుడు తట్టిందని చెప్పాను. హాలంతా నవ్వింది. అత్తాకోడళ్ల కథ ఎవరికి నచ్చదు? దాన్ని పాఠ్యపుస్తకంలో పెట్టారు. ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠంగా చెప్పారు. ఏ సన్మానానికి వెళ్లినా ఆ కథ చెప్పమనే అడిగేవాళ్లు, నేనూ ప్రతిసారీ కూరను కొంచెం ఎక్కువ మాడ్చేదాన్ని.

ఒక సన్మానానికి మా అత్తగారిని కూడా తీసుకెళ్లాం. ఆవిడది భీమవరం వైపు. తిరిగొచ్చేటప్పుడు కార్లో అడిగింది.

"అదెప్పుడు జరిగిందే? మన వంటింటికి గుమ్మమే లేదు కదా, హాల్లోకి బార్లా తెరిచే ఉండేది?"

ఏదో ఒకటి చెప్పాలి కదా అత్తయ్యా అన్నాను. ఆవిడ కాస్త ఆలోచించింది.

"చెబితే చెప్పావు గానీ, ముందు తప్పుకున్నది నేనేనని చెప్పు."

అప్పటినుంచి ఆవిడే ఆ కథ చుట్టాలందరికీ చెప్పేది. ఆవిడ చెప్పేటప్పుడు గుమ్మానికి కర్టెను కూడా ఉండేది. మేమిద్దరం దొంగనవ్వులు నవ్వుకునేవాళ్లం. కానీ ఆవిడకు కూడా సత్తయ్య సంగతి చెప్పలేదు. కథ అబద్ధమని మాత్రమే ఆవిడకు తెలుసు, ఆ అబద్ధం కింద ఒక మనిషి ఉన్నాడని తెలియదు. ఆవిడ పోయి ఆరేళ్లయింది. తెలిసుంటే నాతో నవ్వేదా? నవ్వేది కాదు.

ఇక సత్తయ్య. ఆయన ఎటు పోయాడో చాలా ఏళ్లు నాకు తెలియదు. ఒక ఆదివారం మావారితో మ్యాట్నీకి వెళ్లాను. కోర్టు సీను. వాదనలు వింటున్న జనంలో, రెండో వరసలో, అదే గుబురు మీసం. సీట్లోంచి సగం లేచాను. అప్పటినుంచి ప్రతి సినిమాలోనూ వెతికేదాన్ని. ఆయన పంచాయతీలో తల ఊపేవాడు, పెళ్లిలో అక్షింతలు వేసేవాడు, వరదలో మూట నెత్తిన పెట్టుకుని నడిచేవాడు. ఒక సినిమాలో "అయ్యగారొస్తున్నారు" అని ఒక ముక్క చెప్పాడు. ఆ రోజు నేను హాల్లో చప్పట్లు కొట్టాను. ఒకప్పుడు మా లైను చూసిన మనిషని మాత్రమే తెలిసిన మావారికి ఇదొక సరదా అయిపోయింది, నాకంటే ముందే ఆయన పట్టేసి మీ సత్తయ్య వచ్చాడు చూడు అనేవారు. అదిగో, ఎంత హుషారుగా ఉన్నాడో, ఆ తీగలు లాగే ఉద్యోగంలో ఏముంది, నా మూలంగానే సినిమాల్లోకి వచ్చాడేమో అని కూడా నేను అనుకున్న రోజులున్నాయి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పటికి మేం జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నాం. చిన్న వేషాలవాళ్లంతా కృష్ణానగర్‌లోనే ఉంటారని ఎవరికి తెలియదు? మా ఇంటినుంచి ఆటోలో పావుగంట. ఆ పావుగంట ప్రయాణం చేయడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

పోయిన నెలలో ఒక యువ దర్శకుడు నా కథను వెబ్ సిరీస్‌గా తీస్తానని వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, మాటకు ముందు అండీ, వెనక అండీ. స్క్రిప్టు వినిపిస్తానని ఫిలింనగర్‌లోని తన ఆఫీసుకు పిలిచాడు. పరుపులు పరిచిన గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఒక్కో సీనూ తనే నటిస్తూ చదివాడు. గుమ్మం సీను అద్భుతంగా రాశాడు, మా అత్తగారు వినుంటే పొంగిపోయేది. నేనూ పొంగిపోతూనే ఉన్నాను. అంతలో అన్నాడు:

"మరీ టెక్నికల్‌గా అయిపోతుందని, మధ్యలో కామెడీకి ఒక లైన్‌మన్‌ను పెట్టామండీ. వచ్చినప్పుడల్లా వైరు తట్టుకుని పడిపోతుంటాడు."

పడటం కూడా నటించి చూపించాడు. బాగానే చేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆ లైన్‌మన్‌ను తీసేయండి అన్నాను. ఎందుకండీ అన్నాడు. అప్పుడిక చెప్పేశాను. వరండాలో నిలబడ్డ మనిషి, రెండు వారాలు, అరపేజీ ఉత్తరం, అన్నీ. ఆ అబ్బాయి స్క్రిప్టు మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన ఎక్కడున్నారండీ అని అడిగాడు. మీ సినిమాల్లోనే ఉన్నాడు నాయనా అన్నాను.

మర్నాడు పొద్దున కృష్ణానగర్ వెళ్లాను. సందులో ఇద్దరిని అడిగితే, కంప్యూటర్ సత్తయ్యనా అని మెట్లు చూపించారు. ఆ పేరు విని అక్కడే ఆగిపోయాను. మెట్లెక్కేసరికి ఎదురుగా ఒక ముని కూర్చుని ఉన్నాడు. ఛాతీదాకా గడ్డం, భుజాలమీద జుట్టు, కింద గళ్ల లుంగీ. ఏదో పౌరాణికంలో ఋషి వేషమట, షూటింగ్ అయ్యేదాకా గడ్డం తీయకూడదట.

"టెలిఫోన్ మేడమా?" అన్నాడు నన్ను చూసి. "కూసోండ్రి, కూసోండ్రి."

ఒకప్పుడు నువ్వు అనేదాన్ని. ఇప్పుడు నోటికి మీరు అనే వచ్చింది. దారిపొడుగునా పేర్చుకున్న మాటలన్నీ పోయాయి. ఆ ఆలోచన మీది, నాదని చెప్పుకున్నాను, అందుకే మీకు ఆ కాగితం రాయలేదు అన్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు.

"రాజవ్వా, ఇటు రా. మేడం ఏమంటుందో ఇను. మేడం, మొదటి సంది చెప్పుండ్రి."

ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మళ్లీ మొదటినుంచి చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టం. అంతా విని ఆవిడ అడిగింది: "అంటే, కంప్యూటర్లకు నేనే మాట్లాడుడు నేర్పిన అని ఈయన చెప్పేది నిజమేనా?"

నిజమే అన్నాను.

అప్పుడు తెలిసింది నాకు. ఈయన ఇన్నేళ్లూ ఆ మాట అందరికీ చెప్పుకున్నాడు. ఒక్కరూ నమ్మలేదు. కంప్యూటర్ సత్తయ్య అని పేరు పెట్టి నవ్వారు. షూటింగు బస్సులో నవ్వారు, సందులో నవ్వారు. నేను ఆయన ఉద్యోగం ఒక్కటే పోగొట్టాననుకున్నాను.

"నేను గూడ నవ్విన గదమ్మా," అంది రాజవ్వ మెల్లగా. నన్ను చూడలేదు, ఆయన్ని చూస్తూ అంది. లోపలికి వెళ్లి ఛాయ్ తెచ్చింది. ముందు ఆయనకిచ్చింది. నా చేతికిస్తూ, "తాగమ్మా. కానీ నాకైతే మంచిగనిపిస్తలేదు," అంది. ఛాయ్ తాగాను.

సత్తయ్యకు మాత్రం హుషారొచ్చింది. కిందికి రండ్రి, మా దోస్తులకు గూడ చెప్పుండ్రి అన్నాడు. సందు చివర హోటల్లో ఇద్దరు మిత్రులున్నారు. ఒకాయన కానిస్టేబుల్ వేషాలు వేస్తాడు, ఇంకొకాయన పురోహితుడి వేషాలు. నిలబడి మూడోసారి చెప్పాను. కానిస్టేబుల్ శ్రద్ధగా విని, సత్తయ్య వైపు తిరిగాడు.

"మంచిగ చేసింది. ఏ ఏజెంటు పంపిండు సత్తన్నా?"

నేను నటిని కానని చెప్పాను. సంస్థవాళ్లు ఇచ్చిన గుర్తింపు కార్డు తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, పురోహితుడికి అందించాడు. "ప్రాపర్టీ గూడ తెచ్చింది చూడు," అన్నాడు. షూటింగ్ సామానును వాళ్లు అలా అంటారు. సత్తయ్య గడ్డం ఊగిపోయేలా నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. ముప్పై ఏళ్లు అబద్ధం చెబితే దేశమంతా నమ్మింది. నిజం చెబితే ఒక్క హోటల్ కూడా నమ్మలేదు.

ఆటో ఎక్కించడానికి ఆయన సందు చివరిదాకా వచ్చాడు. ఎక్కే ముందు అడిగాను, నా మీద కోపం ఉందా అని.

"ఉన్నది మేడం. ఎందుకుండది?" ఆ మాట కూడా నవ్వుతూనే అన్నాడు. "పర్మినెంటు అయితే మాకు క్వార్టర్ ఇస్తుండిరి. దాని ముందట మల్లెచెట్టు పెడ్తనని రాజవ్వ అనుకున్నది. ఈడ యాడ పెడ్తది?" ఆటో అతనికి దారి చెప్పి, వెళ్లండ్రి, ట్రాఫిక్ పెరుగుతది అన్నాడు.

క్షమించాననలేదు. నేనూ అడగలేదు. అడిగితే మళ్లీ ఆయన దగ్గర ఇంకొకటి తీసుకున్నట్టే కదా?

ఆ వారంలోనే నా అసలు పేరుతో, ఆయన పూర్తి పేరుతో, ఆ వ్యాసం వేసిన పత్రికకూ మా సంస్థకూ ఉత్తరాలు రాశాను. సంస్థవాళ్లు పరిశీలిస్తామన్నారు. పత్రికనుంచి ఇంకా జవాబు లేదు. దర్శకుడు లైన్‌మన్ పాత్రను మళ్లీ మొదటినుంచి రాస్తున్నాడు, నిర్మాత ఒప్పుకుంటాడో లేదో తెలియదు. సత్తయ్యను నటిస్తారా అని అడిగితే, లైన్‌మన్ వేషం వద్దు, అది నేను చేసిందే గద, ఆఫీసరు వేషం ఇయ్యమనుండ్రి అన్నాడట.

నిన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మాట్లాడాను. గుమ్మం కథ వస్తుందని పిల్లలంతా ఎదురుచూస్తున్నారు. సత్తయ్య కథ చెప్పాను. హాల్లో ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకమ్మాయి లేచి, మరి ఇందులో మీరు చేసిందేమిటి మేడం అని అడిగింది. దురుసుగా అడగలేదు, తెలుసుకోవాలని అడిగింది. గణితం నేను చేశానమ్మా అన్నాను. ఆ తర్వాత, ఒక మనిషి నోరు నొక్కాను అన్నాను. ఆ అమ్మాయి రెండూ రాసుకుంది. ఆ పెన్ను కాగితం మీద కదలడం చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చి, కృష్ణానగర్ వెళ్లొచ్చాక మొదటిసారి బాగా ఆకలేసి, గోంగూర పచ్చడితో రెండుసార్లు అన్నం కలుపుకుని తిన్నాను.